పది మానికల మీద రెండు సోలలు: ఒక మిస్టరీ నవల ఎడిటింగ్ కేస్ స్టడీ

ముందుగా ఒక మాట. ఇది నేను ఎడిట్ చేసిన ఒక నవల సంగతి. రచయిత సరేనన్నాకే రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు, నవల పేరు చెప్పడం లేదు. పాత్రల్నీ, కొన్ని అంకెల్నీ మార్చాను. రేపెప్పుడైనా పుస్తకం మీ చేతికొస్తే, ముడి ముందే విప్పేసిన పాపం నాకొద్దు. పని జరిగిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే రాశాను.

నేపథ్యం

రచయితని మాస్టారు అంటాను, ఫోన్లో కూడా అలాగే పిలిచేదాన్ని. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఈ వివరం ఒక్కటీ దాచబుద్ధి కాలేదు, ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది. అద్దె లైబ్రరీలో డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని, క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివిన తరం ఆయనది. రిటైరయ్యాక ఆరేళ్ళు కూర్చుని తనూ ఒకటి రాశారు. డీటీపీ చేయించి, అను ఫాంట్లలో ఉన్న ఫైలు నాకు పంపారు. యూనికోడ్‌లోకి మార్చేసరికి సగం ఒత్తులు ఎగిరిపోయాయి, ఆ గోల వేరే. డెమ్మీ సైజులో వేస్తే ఇరవై ఆరు ఫారాలు, అంటే 416 పేజీలు. జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకి పుస్తకం స్టాల్లో ఉండాలన్నది ఆయన కోరిక. ఫైలు నాకొచ్చింది జూన్‌లో.

కథ పాపికొండల్లో. గోదావరి ఒడ్డున, అడవి మధ్య, బయటి లోకంతో పొత్తు లేకుండా బతుకుతున్న నలభై ఒక్కమంది. అందరూ మైదానం నుంచి వచ్చినవాళ్ళే. ఆస్తి ఉమ్మడి, వంట ఉమ్మడి, పిల్లల పెంపకం కూడా ఉమ్మడే. వాళ్ళని నడిపేది ఒక పెద్దాయన. అక్కడి నుంచి ఒక్కొక్కరుగా నలుగురు మాయమవుతారు. ఎవరినడిగినా "వాళ్ళిష్టంతో వెళ్ళిపోయారు" అనే అంటారు. పోయిన నలుగురిలో ఒకావిడ తమ్ముడు పత్రికా విలేఖరి. అక్కని వెతుక్కుంటూ వస్తాడు. కథ అతని నోట నడుస్తుంది.

మొదటి రోజే పేరు దగ్గర చిక్కొచ్చింది. మాస్టారు దాన్ని 'కమ్యూన్' అని రాశారు. మనవైపు కాస్త వయసున్న పాఠకుడికి కమ్యూన్ అంటే బెజవాడలో పార్టీ కమ్యూనే గుర్తొస్తుంది, చాపలూ, ఉమ్మడి భోజనాలూ, పత్రిక కట్టలూ. 'ఆశ్రమం' అని మారిస్తే కాషాయం, భజన. మాస్టారు ఊహించినది రెండూ కాదు. 1968లో పుదుచ్చేరి పక్కన మొదలైన ఆరోవిల్ లాంటి దానికి ఆయన మనసులోని బొమ్మ కాస్త దగ్గర. చివరికి పాత్రలు దాన్ని 'తోట' అని పిలుచుకునేట్టు చేశాం. "తోటలో ఎంతమంది ఉంటారు?" అని ఎవరైనా అడిగితే, ఆ మామూలు మాట వెనకే కాస్త భయం పుట్టింది. ఇది చిన్న మార్పే. అసలు జబ్బుకి దీనితో సంబంధం లేదు.

వచ్చిన సమస్య

నాకంటే ముందు మాస్టారు ఫైలుని ముగ్గురికి చదవమని ఇచ్చారు. ముగ్గురూ వేరువేరు ఊళ్ళవాళ్ళు, ఒకరికొకరు తెలీదు. ముగ్గురూ 130వ పేజీకీ 150వ పేజీకీ మధ్య ఆపేశారు. ఒకాయన "బోర్ కొట్టిందండీ" అన్నారు. ఇంకొకాయన మొహమాటానికి కళ్ళు బాగాలేవన్నారు. మూడో ఆవిడ ఏదో అడిగారట. మాస్టారు దాన్ని పట్టించుకోలేదు, నాకూ అప్పుడు చెప్పలేదు.

ఆ పేజీల్లో ఏముందంటే, మూడో మనిషి మాయమవుతాడు. మామూలుగా పాఠకుడు అక్కడ పుస్తకం కింద పెట్టలేకపోవాలి.

మాస్టారు నిర్ణయానికి వచ్చేశారు. "మనుషులు చాల్లేదమ్మా. నలుగురు కాకుండా ఏడుగురు మాయమైతే టెన్షన్ పెరుగుతుంది." ఇది నేను ఒప్పుకోలేదు. మూడో మనిషి దగ్గర ఆగిపోయిన పాఠకుడికి ఏడో మనిషిని చూపించడమెలా? అయితే నా నిర్ణయం కూడా తప్పేనని తర్వాత తేలింది.

మొదట చేసినవి, పనికిరానివి

నేను ఏ రాతప్రతినైనా రెండుసార్లు చదువుతాను. మొదటిసారి పెన్సిల్ ముట్టుకోను. రెండోసారి ఒక తెల్లకాగితం మీద గళ్ళు గీసి, ప్రతి అధ్యాయం దగ్గరా మూడు సంగతులు రాసుకుంటాను: పాఠకుడికి తెలిసిందేమిటి, అనుమానిస్తున్నదేమిటి, ఎదురుచూస్తున్నదేమిటి. 120వ పేజీ దాటాక మూడో గడి ఖాళీగా ఉంది. పెద్దాయన ప్రసంగాలు మాత్రం పేజీల కొద్దీ ఉన్నాయి, ఆస్తి ఎందుకు వద్దు, ఇల్లు ఎందుకు వద్దు అంటూ. సరే, నడక మందగించిందనుకున్నాను. అరవై పేజీలు కొట్టేశాం.

నవల చకచకా నడిచింది. నమ్మకం పోయింది. ప్రసంగాలు పోగానే, చదువుకున్న మనుషులు నలభైమంది ఉద్యోగాలొదిలి ఆ అడవిలో ఎందుకున్నారన్నది పాఠకుడికి అందకుండా పోయింది. పెద్దాయన మొదటి పేజీ నుంచీ విలన్‌లా కనిపించాడు. కొట్టేసిన అరవైలో ముప్ఫై పేజీలు మళ్ళీ తెచ్చిపెట్టాను. మాస్టారు ఏమీ అనలేదు కానీ, ఫోన్లో ఆయన నవ్వు వినిపించింది.

రెండో ప్రయత్నం ఇంకా పెద్ద తప్పు. ఇది నా సలహానే. పుస్తకం మొదట్లో రెండు పేజీల నాంది పెట్టించాను. తెల్లవారుజామున గోదావరిలో వల లాగుతుంటే ఒక శవం తగులుతుంది. పాఠకుడు మొదట్లోనే ఉలిక్కిపడతాడు, తర్వాత ప్రసంగాల్ని కూడా భయంతో చదువుతాడు అన్నది నా లెక్క. ఆ మార్పుతో ఒక స్నేహితురాలికి చదవమని ఇచ్చాను. ఆవిడ మొత్తం చదివింది. చదివి, "మొదటి పేజీలోనే చంపేశారని చెప్పేశావు. ఇక వాళ్ళు వెళ్ళిపోయారని తోటవాళ్ళు అన్నప్పుడల్లా అబద్ధమని నాకు తెలుసు. నేనెందుకు ఆలోచించాలి?" అంది.

ఆ మాటతో నాకు కొంత వెలుతురు కనిపించింది. హత్య కథలో శవం ఉంటుంది, ప్రశ్న 'ఎవరు' అన్నది. మనుషులు మాయమయ్యే కథలో అంతకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది, అసలు ఏమైనా జరిగిందా అన్నది. ఇల్లొదిలి పోవడం మన దగ్గర పెద్ద వింత కాదు. కాశీకి పోయినవాళ్ళు, సన్నాసుల్లో కలిసినవాళ్ళు ప్రతి పెద్ద కుటుంబంలోనూ ఒకరుంటారు. చలం అంతటాయన 1950లో అన్నీ వదిలి అరుణాచలం వెళ్ళిపోయాడు. అందుకే "వెళ్ళిపోయారు" అన్న మాటని తెలుగు పాఠకుడు సులువుగా నమ్ముతాడు. ఆ నమ్మకం మనకి పెట్టుబడి, నేను దాన్ని మొదటి పేజీలోనే తగలేశాను.

మాస్టారికి ఇది ఎక్కించడానికి జోన్స్‌టౌన్ సంగతి చెప్పాను. 1978 నవంబరు 17న అమెరికా కాంగ్రెస్ సభ్యుడు లియో రయన్ గయానా అడవిలో ఒక మతగురువు అనుచరులతో నడిపిన ఆ బస్తీకి వెళ్ళాడు. లోపలున్నవాళ్ళని బలవంతంగా ఉంచారని బంధువుల ఫిర్యాదు. ఆ రాత్రి ఆయనకి పాటలతో, భోజనాలతో మర్యాదలు చేశారు, సంతోషంగా ఉన్నామన్నారు. ఆ సందట్లోనే, తమని బయటపడేయమంటూ ఒక విలేఖరికి చీటీ అందింది. మర్నాటికి రయన్ లేడు, 900 మందికి పైగా చనిపోయారు. "చీటీ అందేదాకా ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడికి ఏది నిజమో తెలీదు మాస్టారూ. మన పాఠకుడు ఆ బల్ల దగ్గరే కూర్చోవాలి" అన్నాను. శవం నాంది ఆ సాయంత్రమే తీసేశాం.

శవం పోయినా దాని స్థానంలో ఒకటి దక్కింది. తోటలో వంటావిడది వరంగల్ వైపు. విచారణకొచ్చిన ఎస్సైది తెనాలి. రెండో మనిషి గురించి అడిగితే ఆవిడ "ఆయన పొయిండు సారూ" అంటుంది. ఆవిడ ఉద్దేశం వెళ్ళాడని. ఎస్సై చెవికి చచ్చిపోయాడని వినిపిస్తుంది. ఉలిక్కిపడి "ఎలా పోయాడు?" అంటాడు. ఆవిడకి ఆ ప్రశ్న అర్థం కాదు, "నడుసుకుంట" అంటుంది. పాఠకుడు నవ్వుతాడు. నవ్వాక ఒక క్షణం, ఇద్దరిలో ఎవరి మాట నిజమో అనుకుంటాడు. ఇది రాసింది మాస్టారే, నా ప్రమేయం లేదు. మొత్తం పుస్తకంలో నాకు బాగా ఇష్టమైన అరపేజీ అదే.

మూడో ఆవిడ అడిగిన ప్రశ్న

అయినా 140వ పేజీ దగ్గర గడి ఖాళీగానే ఉంది. ఆగస్టు వచ్చేసింది. అప్పుడు మాస్టారిని అడిగాను, మొదట చదివిన ముగ్గురితో నేను మాట్లాడొచ్చా అని. ఈ పని మొదటి వారంలోనే చెయ్యాల్సింది. పాఠకుడు ఎక్కడ ఆగాడో అడిగి ఊరుకున్నాను, ఆగినప్పుడు ఏమనుకున్నాడో అడగలేదు.

మూడో ఆవిడ పుట్టిల్లు దేవీపట్నం వైపు, ఏటి ఒడ్డున పెరిగిన మనిషి. ఫోనెత్తగానే అన్నారు: "నేను ఆయన్ని అప్పుడే అడిగానమ్మా. ముగ్గురు వెళ్ళిపోయారంటున్నారు సరే, గోదారి దాటించిందెవరు?"

నేను ఫైలు తెరిచి 'పడవ' అని వెతికాను. మొత్తం నవలలో ఏడుసార్లుంది. పడవ నడిపే కొండరెడ్డి మనిషి, అంటే అక్కడి గిరిజనుడు, మొదటి అధ్యాయంలో విలేఖరిని ఒడ్డుకి చేర్చి, తర్వాత కనిపించకుండా పోయాడు. అతనికి పేరు కూడా లేదు. మాస్టారికి ఫోన్ చేసి, "నలుగురి కంటే ముందు మీ నవల్లోంచి ఇంకో మనిషి మాయమయ్యాడు" అన్నాను. చాలాసేపు ఆయన మాట్లాడలేదు.

పాఠకులు ఆగిపోయింది విసుగుతో కాదని అప్పుడు తెలిసింది. ప్రాథమికమైన ప్రశ్న ఒకటి మనసులో ఉండగా, దానికి కథలో ఎవరూ నోరెత్తకపోతే పాఠకుడు రచయితని నమ్మడం మానేస్తాడు. 'బోర్' అన్న మాటకి అదీ అర్థం. ఈ కథలో అడగాల్సింది ఎవరు మాయమయ్యారని కాదు, ఎవరెవరిని మనుషుల కింద లెక్కపెట్టారని. తోట రిజిస్టర్లో పడవవాడి పేరు లేదు. రచయిత లెక్కలోనూ లేదు. మూడు నెలలు గళ్ళు గీసిన నా కాగితంలో కూడా లేదు.

పనిచేసినవి

ఇక్కడి నుంచి నిర్ణయాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

మొదటిది కాలం. మాస్టారి కథ 2019లో జరుగుతుంది. సెల్ టవర్ లేదని, పెద్దాయన ఫోన్లు లాక్కున్నాడని చెప్పడానికే రెండు అధ్యాయాలు ఖర్చయ్యాయి. కథని 1986కి జరుపుదామన్నాను. ఎందుకు 1986? ఆ ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద ఆ తీరంలో ఇప్పటికీ కొలబద్ద. 16వ తేదీన భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకి. లాంచీలు లేవు, టపా లేదు, దారులు లేవు. తోటని ఒంటరి చెయ్యడానికి రచయిత చెమటోడ్చక్కర్లేదు, ఏరే చేసిపెడుతుంది. అంతకంటే ముఖ్యం, మాయమైన మనుషులకి వరద కొత్త సంజాయిషీ ఇస్తుంది. వెళ్ళిపోయారు, సన్యాసం తీసుకున్నారు అన్నవాటికి తోడు 'కొట్టుకుపోయారు' చేరింది.

ఆ కాలానికి ఇంకో సుగుణం కూడా ఉంది. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఊళ్ళో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అని తెలిసిన పాత మనుషులు పదవుల్లో లేరు, కొత్త ఏర్పాటు ఇంకా కుదురుకోలేదు. మనుషుల లెక్క తప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. (కాలం మారేసరికి ఒక చిన్న తమాషా జరిగింది. మాస్టారి మొదటి ప్రతిలో తోట పెద్దని అందరూ 'అన్నగారు' అంటారు. 1986లో అన్నగారంటే రాష్ట్రం మొత్తానికీ ఒక్కరే. అందుకే 'పెద్దాయన' అయ్యాడు.)

రెండోది నేల. మాస్టారు రాసిన ప్రకారం పెద్దాయన 1979లో ఆ ఏజెన్సీలో అరవై ఎకరాలు కొన్నాడు. రంపచోడవరంలోనో పోలవరంలోనో ఉన్న ఏ పాఠకుడైనా ఆ వాక్యం దగ్గరే పుస్తకం మూసేస్తాడు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనని 1970లో సవరించి బిగించారు. అందుకే ఏజెన్సీలో అందరూ దాన్ని 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. దాని కింద గిరిజనేతరుడికి గిరిజనుడు భూమి అమ్మకూడదు సరే, ఇంకో గిరిజనేతరుడు అమ్మినా చెల్లదు. ఈ సంగతి చెబితే మాస్టారికి చిరాకొచ్చింది.

"ఏమ్మా, నవలకి పట్టాదారు పాస్‌బుక్ కూడా కావాలా?"

"కావాలి మాస్టారూ. అది ఎవరి పేరున ఉందో చెప్పండి."

ఆయన ఆగారు. అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. "పడవవాడి పేరున" అన్నారు నెమ్మదిగా.

ఆ ఒక్క జవాబుతో నవలకి కారణం దొరికింది. అంతవరకూ పెద్దాయన ఎందుకు నేరం చేశాడంటే పిచ్చి, అధికారదాహం అని రాసుకున్నాం. ఇప్పుడు తోట నేలంతా కాగితం మీద ఒక కొండరెడ్డి మనిషిది. అతను ఎదురుతిరిగితే తోటే లేదు. అతను లేకపోతే పడవ లేదు, పడవ లేకుండా మిగతా ముగ్గురు 'వెళ్ళిపోవడం' కుదరదు. అడ్డొచ్చిన చట్టమే కథకి వెన్నెముకగా నిలిచింది.

మూడోది బయటి కుటుంబాలు. ఇది తొందరగా చెబుతాను. మాయమైనవాళ్ళలో ఒకడు భీమవరం వైపు ఆస్తిపరుడు. మొదటి ప్రతిలో అతని భార్య ఏడవడం తప్ప ఏమీ చెయ్యదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో విడాకులకి చెప్పిన కారణాల్లో రెండు పక్కపక్కనే ఉన్నాయి. భర్తో భార్యో సన్యాసం తీసుకుని లోకాన్ని వదిలెయ్యడం ఒకటి. ఏడేళ్ళుగా బతికున్నట్టు కబురే లేకపోవడం ఇంకొకటి. సాక్ష్య చట్టం కూడా ఏడేళ్ళు కబురు లేనివాణ్ణి పోయినట్టే భావించమంటుంది. సన్యాసమైతే అంతకాలం ఆగక్కర్లేదు. పాత హిందూ ధర్మం ప్రకారం సన్యాసి లోకవ్యవహారానికి చనిపోయినవాడే, ఆస్తి వారసులకి వెళ్తుంది. కాకపోతే కాషాయం కట్టినంత మాత్రాన కోర్టు ఒప్పుకోదు, విధి ప్రకారం జరిగిందని రుజువు కావాలి. విరజాహోమం, తనకి తానే పిండం పెట్టుకునే ఆత్మశ్రాద్ధం. అంచేత మరిది "మా అన్న సన్యాసి అయ్యాడు" అంటాడు, ఆస్తి ఇప్పుడే పంచుకోవచ్చని. భార్య "కనబడకుండా పోయాడు" అంటుంది, పోలీసులు మ్యాన్ మిస్సింగ్ కింద కేసు రాసి వెతకాలని. ఇద్దరూ ఒకే మనిషి గురించి మాట్లాడుతున్నారు. నవల రెండో భాగం 1993లో, ఏడేళ్ళు నిండిన వారంలో మొదలవుతుంది. అంతకు ముందు మాస్టారు దాన్ని "కొన్నేళ్ళ తర్వాత" అని మొదలుపెట్టారు.

సోల

అంతా కుదిరింది, సాక్ష్యం లేదు. తోటవాళ్ళు ఏం చెబుతారంటే, పడవవాడు ఆగస్టు 16 వరదలో కొట్టుకుపోయాడని. మండలాఫీసులో అలాగే రాయించారు కూడా. అది అబద్ధమని తేలాలి. మాస్టారు ఒక డైరీ సృష్టించారు, నేను వద్దన్నాను. మిస్టరీ నవల్లో చివర దొరికే డైరీ, పరీక్ష హాల్లో దొరికే స్లిప్పు లాంటిది. సాక్ష్యం పాఠకుడి కళ్ళ ముందే మొదటినుంచీ ఉండాలి, అతను దాన్ని చూసి కూడా దాటిపోవాలి.

మనుషుల్ని లెక్కపెట్టే పని రిజిస్టరు కాకుండా ఇంకెవరు చేస్తారని ఇద్దరం ఆలోచించాం. ఆయన ఫోన్లో ఉండగానే వాళ్ళావిడ లోపలినుంచి, "ఇవాళ భోజనానికి ఎంతమంది, బియ్యం పొయ్యాలి" అని కేకేశారు. కథలో రాస్తే ఎవరూ నమ్మరు కానీ, అలాగే జరిగింది.

తోటలో వంటావిడకి పుస్తకం లేదు, అక్షరం రాదు. మధ్యాహ్నం ఒకపూటే అన్నం, రాత్రికి జావ. మనిషికి సోల లెక్కన కొలిచి పోస్తుంది. మొదటి ఇరవై పేజీల్లోనే విలేఖరికి ఆవిడ చెబుతుంది, నాలుగు సోలలైతే మానిక అని. ఆ తర్వాత వంటింటి వర్ణన మధ్యలో ఒక వాక్యం: పది మానికల మీద రెండు సోలలు పోసి, చేటలో చెయ్యి పెట్టి రాళ్ళు ఏరుతోంది. చాలా పేజీలు గడిచాక, ఆగస్టు 7న, ముసురు, తడికట్టెలు, పొగ. ఆవిడ పది మానికల మీద ఒక సోల పోసి, మిగిలిన సోల చేతిలో పట్టుకుని ఒక క్షణం నిలబడి, బియ్యం మళ్ళీ బానలో పోసేస్తుంది.

లెక్క వేసుకుంటే అంతే. రిజిస్టర్లో జనం నలభై ఒకటి. బియ్యం నలభై రెండు. ఆ నలభై రెండో సోల పడవవాడిది. వరద వచ్చింది 16న, అతని సోల ఆగిపోయింది 7న. కొట్టుకుపోవడానికి తొమ్మిది రోజుల ముందే ఆ మనిషి అన్నం తినడం మానేశాడు.

ఈ అంకెని కిలోల్లో రాద్దామా అన్న చర్చ వచ్చింది. కుర్రాళ్ళకి సోల, మానిక తెలీవు కదా అని మా లేఅవుట్ అబ్బాయి అన్నాడు. తెలీకపోవడమే నాకు కావాల్సింది. నలభై రెండు అని అంకె వేస్తే కళ్ళకి కొడుతుంది. పాత కొలతలో పెడితే, సూత్రం ముందే చెప్పాం కాబట్టి మోసం లేదు, గుణించుకునేవాడు మాత్రం పట్టుకుంటాడు. మాస్టారికి ఇది తెగ నచ్చింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలతో చేయించిన పని ఇప్పుడు పాఠకులతో చేయించబోతున్నారు మరి.

దాదాపు పోగొట్టుకున్నది

డిసెంబరు మొదటి వారంలో మూడో ప్రూఫ్ వచ్చింది. పొద్దున్నే చాయ్ తాగుతూ తిరగేస్తుంటే గుండె జారిపోయింది. ప్రూఫ్ చూసినాయన రెండు చోట్లా "పది మానికల మీద ఒక సోల" అని సరిచేసేశాడు. పక్కన ఎర్ర సిరాతో, కొలత రెండు చోట్లా ఒకేలా ఉండాలి కదా అని రాశాడు. ఆయన పని ఆయన శ్రద్ధగా చేశాడు. పేర్లు, తేదీలు, బంధుత్వాలు మారిపోతుంటే పట్టుకోవడానికే ఆయనకి డబ్బులిస్తున్నాం. తప్పు నాది. కావాలని పెట్టిన తేడాలు ఏవో ఒక కాగితం మీద రాసి ప్రూఫుతో పాటు పంపలేదు. ముడి ముందే తెలిస్తే ప్రూఫ్ చూసేవాళ్ళకి చదివే ఉత్సాహం పోతుందని దాచాను. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఫారాలు ప్రెస్సుకి వెళ్ళిపోయేవి, నవల్లో సాక్ష్యం లేకుండా నేరస్థుడు దొరికిపోయేవాడు.

అప్పటినుంచీ ప్రతి మిస్టరీకీ ఒక 'ముట్టుకోవద్దు' కాగితం తయారు చేస్తున్నాను. అందులో కారణాలు రాయను, పేజీ నంబరు, వాక్యం, అంతే. ఇంకో అలవాటు కూడా వచ్చింది. రాతప్రతి చేతికి రాగానే, పేరు లేకుండా పనిచేసే మనుషులందరి జాబితా రాసుకుంటాను: వంటవాళ్ళు, పడవవాళ్ళు, తలుపు తీసేవాళ్ళు. చివరిసారి ఎక్కడ కనిపించారో పక్కన పేజీ వేస్తాను.

అన్నీ నెగ్గానని కాదు. చివరి అధ్యాయంలో పెద్దాయన ఒప్పుకోలు పదకొండు పేజీలుంది, నాలుగు చాలని ఇప్పటికీ నా అభిప్రాయం. మాస్టారు పట్టు వదల్లేదు. మనిషిని తెచ్చి కోర్టు ముందు నిలబెట్టమని అడిగే హెబియస్ కార్పస్ హైకోర్టులో వెయ్యమని భార్యకి ఎవరూ ఎందుకు సలహా ఇవ్వలేదన్న ప్రశ్నని ఒక పేరాతో సరిపెట్టాం, లాయరు పాఠకుడు ఒప్పుకోడు. కొండరెడ్డి పడవవాడికి పేరు, ఇల్లు, భార్య వచ్చాయి కానీ, అతను మాట్లాడేది మొత్తం మీద మూడు పేజీలే. అది పెంచడానికి మా ఇద్దరికీ ఆ జీవితం తెలీదు. తెలీనిది కల్పించడం కంటే తక్కువ రాయడమే మేలనుకున్నాం. అక్కడ ఖాళీ ఉందని నాకు తెలుసు.

ఐదువందల కాపీలు వేశాం. ఇరవై ఆరు ఫారాలు ఇరవై నాలుగయ్యాయి. జనవరిలో ప్రదర్శన మూడో రోజుకి స్టాల్‌కి చేరింది.

ఫిబ్రవరిలో మాస్టారు ఫోన్ చేశారు. హాస్టల్లో వంట చేసి రిటైరైన ఒకావిడ, మనవరాలు చదివి వినిపిస్తుంటే విన్నారట. వెనక అట్ట మీద నంబరు చూసి ఫోన్ చేశారు. "బాబూ, పుస్తకం బావుంది. ఇంకా సగం కూడా కాలేదు. ఒక అచ్చుతప్పు పడింది, చెబుదామని చేశాను. జనం నలభై ఒక్కరు కదా? ఆవిడ నలభై రెండు సోలలు పోసేసింది."

"మరి మీరేమన్నారు మాస్టారూ?"

"సరిచేస్తామమ్మా, మీరు చదవడం ఆపకండి అన్నాను."